పోయిన మూకీ సినిమాని మిద్దె మీద ఆడించేది ఎట్లా

మొన్న సంక్రాంతి సెలవల్లో తిరుపతి బైరాగిపట్టెడలో మా మిద్దె మీద ఒక సినిమా ఆడించినాం, పేరు ద స్టోరీ ఆఫ్ ద కెల్లీ గ్యాంగ్, 1906లో ఆస్ట్రేలియాలో తీసింది, గంట పైన ఉండే సినిమా, ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద మిగిలింది ఒక 17 నిమిషాలు. మరి మిగతాది ఎట్లా ఆడించినావు సామీ అని వచ్చినోళ్ళు, రానోళ్ళు అందరూ అడగతా ఉంటే ఒక్కొక్కరికి చెప్పలేక ఒకేసారి రాసేస్తా ఉన్నా. ఖర్చు ఏమంత కాదు, ఒక రోజుకి బాడుగ ప్రొజెక్టరు, ఒక తెల్ల దుప్పటి, ఒక లాంగ్ నోట్‌బుక్కు, మూడు రంగుల పెన్నులు, రెండు టెంకాయ చిప్పలు. ఇంగ ఒక నెల రోజుల ఓపిక, అదొక్కటే గాంధీ రోడ్డులో ఎన్ని షాపులు తిరిగినా దొరకదు.

నాకు ఒక వసతి ఉండాది, మా నాయన చాలా ఏళ్ళు సినిమా హాల్లో ఆపరేటర్‌గా చేసినాడు, రీలు, అతుకు, కార్బన్ అనే మాటలు మా ఇంట్లో ఉప్పు, పప్పు అన్నట్టు వినపడేవి. మీ ఇంట్లో అట్లాంటి మనిషి లేకపోయినా పర్లేదు, లెక్కలు కింద చెప్తా.

ముందు ఏ సినిమా అనేది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు, నేనూ పడినా. నాకు మొదట మన తెలుగోళ్ళదే చేయాలని ఉండింది, రఘుపతి వెంకయ్య నాయుడు గారి కొడుకు ప్రకాష్ 1921లో తీసిన భీష్మ ప్రతిజ్ఞ. లేదంటే మనకి ఇంకా దగ్గరిది, వేలూరులో పుట్టిన నటరాజ మొదలియార్ తీసిన కీచక వధం, దక్షిణాదిలో మొట్టమొదటి మూకీ కథా సినిమా అదే, వేలూరంటే చిత్తూరులో బస్సెక్కి ఒక కునుకు తీసేలోపల వచ్చే ఊరు. రెండూ పోయినాయి. మన దేశంలో మూకీలు సుమారు 1,300 తీసినారంటారు, వాటిల్లో పూర్తిగానో ముక్కలుగానో మిగిలినవి 30 కూడా లేవు. సరే ఫిల్మ్ లేదు, కథ భారతంలోది కాబట్టి చెప్పేయొచ్చు కదా అనుకున్నా, పదిరోజులు కూర్చున్నాక అర్థమైంది, కథ తెలుసు గానీ సినిమాలో ఏ సీను ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది, జనం యాడ నవ్వినారు, ఇవేవీ తెలియవు, ఇంగ నేను చెప్పేది భారతం అవుతుంది గానీ ఆ సినిమా అవ్వదు. అంటే ఫిల్మ్ పోవడం పెద్ద చిక్కు కాదు, కాగితం లేకపోవడం చిక్కు. కథ రాసిన పాంప్లెటు, పేపర్లో వచ్చిన వార్తలు, ఫోటోలు, ఈ మూడింట్లో కనీసం రెండు దొరికే సినిమానే పట్టుకోండి. కెల్లీ గ్యాంగ్‌కి మూడూ ఉన్నాయి, పైన 17 నిమిషాల ముక్కలు కూడా.

అంత కాగితం ఎందుకు మిగిలింది అంటే అది దొంగల సినిమా కాబట్టి. నెడ్ కెల్లీ, వాళ్ళ తమ్ముడు డాన్, జో బర్న్, స్టీవ్ హార్ట్, నలుగురు. విక్టోరియా రాష్ట్రంలో 1878 అక్టోబర్లో ముగ్గురు పోలీసుల్ని కాల్చేసి అడవి పట్టినారు, రెండు ఊళ్ళలో బ్యాంకులు కొట్టినారు, చివరికి 1880 జూన్ 28న గ్లెన్‌రోవన్ అనే ఊర్లో పోలీసులు చుట్టుముడితే నాగలి రేకులు సాగ్గొట్టి చేసుకున్న ఇనుప కవచాలు తొడుక్కుని బయటికి వచ్చినారు, నెడ్ తొడుక్కున్నదే 40 కిలోల పైన. అదే ఏడు నవంబర్ 11న నెడ్‌ని మెల్‌బోర్న్ జైల్లో ఉరి తీసినారు. మా నాయన ఇదంతా విని "మన పాలెగాళ్ళ మాదిరా?" అన్నాడు. కాదు నాయనా, పాలెగాడికి ఊరు ఉంటుంది, కోట ఉంటుంది, పన్ను వసూలు ఉంటుంది, వీళ్ళకి గుర్రం తప్ప ఏమీ లేదు. వీళ్ళని అక్కడ బుష్‌రేంజర్లు అంటారు, అంటే మొదట్లో శిక్ష పడి ఓడల్లో వచ్చినోళ్ళు తప్పించుకుని అడివిలో దాక్కున్నోళ్ళు, నెడ్ నాయన కూడా ఐర్లండ్ నుంచి శిక్ష పడే వచ్చినాడు. కథ చెప్పేటప్పుడు ఈ తేడా ముందే చెప్పేయండి, లేదంటే కూర్చున్నోళ్ళు ఒక్కొక్కరు ఒక్కో తెలుగు సినిమా హీరోని తలకాయలో పెట్టుకుని చూస్తారు.

ఉరి తీసిన 26 ఏళ్ళకే సినిమా వచ్చింది, 1906 డిసెంబర్ 26న మెల్‌బోర్న్ అథీనియం హాల్లో, తీసింది చార్లెస్ టెయిట్. నెడ్ తల్లి అప్పటికి బతికే ఉంది, ఆమె పోయింది 1923లో. అంటే చూసేదానికి వచ్చినోళ్ళలో ఆ పోలీసుల్ని ఎరిగినోళ్ళు, ఆ దొంగలకి అన్నం పెట్టినోళ్ళు కూడా ఉండచ్చు. అందుకే సర్కారుకి గుబులు పుట్టింది, 1907లో కెల్లీ వాళ్ళ తట్టు ఊళ్ళు బెనాల్లా, వాంగరట్టాలో ఆడించకూడదన్నారు, తర్వాత ఇట్లాంటి దొంగల సినిమాలు వరసపెట్టి వచ్చేసరికి 1911లో సౌత్ ఆస్ట్రేలియా, 1912లో విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్ మొత్తానికే నిషేధం పెట్టేసినాయి. విషయం ఏమంటే నిషేధం పెట్టినప్పుడు ఆర్డర్లు రాస్తారు, పేపరోళ్ళు వాదించుకుంటారు, సినిమా పోయినా ఆ గొడవ మిగిలిపోతుంది. కాబట్టి మీరు ఎంచుకునే సినిమా ఏదో ఒక గొడవలో పడిందైతే పని సులువు. మన దగ్గర కూడా అంతే, 1921 భక్త విదుర్‌లో విదురుడు గాంధీ మాదిరి కనపడినాడని మద్రాసులో నిషేధించినారు, దాన్ని గురించి రాతలు అందుకే ఉన్నాయి.

ఇంగ వెతకడం. ఆస్ట్రేలియా నేషనల్ లైబ్రరీ వాళ్ళ ట్రోవ్ అని ఒక సైటు ఉంది, పాత పేపర్లన్నీ స్కాన్ చేసి ఫ్రీగా పెట్టినారు, ఫోన్లో కూడా తెరుచుకుంటుంది గానీ ఫోన్లో చూస్తే కళ్ళు పోతాయి, కంప్యూటర్ దగ్గర కూర్చోండి. వెతికే మాటలు ఇంగ్లీషులోనే కొట్టాల. ఉత్తి కెల్లీ అని కొడితే దేశంలో ఉండే కెల్లీలు అందరూ వస్తారు, పెళ్ళిళ్ళు, చావులు, గొర్రెల అమ్మకాలు, అన్నీ. కెల్లీ గ్యాంగ్ అని రెండు మాటలూ కలిపి కొట్టి, దాంతో పాటు బయోగ్రాఫ్ అనో, కినెమటోగ్రాఫ్ అనో, లివింగ్ పిక్చర్స్ అనో చేర్చండి, అప్పట్లో సినిమా అనే మాట జనం నోట్లో ఇంకా పడలేదు. తేదీలు కూడా బిగించండి, 1906 డిసెంబర్ నుంచి 1907 చివరి దాకా చాలు మొదట్లో. ఎందుకంటే అదే దొంగల మీద 1920లో ఒక సినిమా, 1923లో ఇంకొకటి హ్యారీ సౌత్‌వెల్ అనే ఆయన తీసినాడు, 1910లో మన సినిమానే మళ్ళీ కొంచెం మార్చి వదిలినారు, ఇవన్నీ కలిసిపోతే మీ నోట్‌బుక్కు కలగూర గంప. దీనికి తోడు స్టేజీ నాటకాలు కూడా కెల్లీ గ్యాంగ్ పేరుతో ఆడేవి, కాబట్టి వార్త చదవంగానే ఇది తెర మీదిదా, స్టేజీ మీదిదా అని ముందు చూసుకోండి.

ఇంకో మాట, అక్కడ పేపర్ని మిషనే చదివి అక్షరాలుగా మార్చింది, పాత అచ్చు మసక కాబట్టి తప్పులు బండెడు ఉంటాయి. మీరు కొట్టిన మాట దొరకలేదంటే లేదని కాదు, మిషను తప్పు చదివి ఉంటుంది, అదే తేదీ పేపర్లో వినోదాల పేజీ తెరిచి కంటితో చూడండి. ఆ తప్పులు మనమే దిద్దేదానికి కూడా వీలుంది, నేను రాత్రిపూట నిద్ర పట్టనప్పుడు కొన్ని దిద్దినా, ఎవరో తెలియని ఊరి పేపరు దిద్దతా ఉంటే అదో తృప్తి.

దొరికిన కాగితాల్లో అన్నిటికన్నా విలువైనది ఆ సినిమాకి వేసిన ప్రోగ్రాం పుస్తకం. అందులో కథ ఆరు సీన్లుగా ఉంది. మొదటి దాంట్లో డాన్ మీద వారెంటు, కెల్లీల ఇంట్లో చెల్లెలు కేట్‌తో పోలీసోడు పిచ్చి వేషం వేయబోతే గొడవ. రెండోది పోలీసుల్ని కాల్చడం. మూడు, యంగ్‌హస్బెండ్ స్టేషన్ పట్టుకోవడం, బ్యాంకు కొట్టడం. నాలుగు, తప్పించుకు తిరగడం, తమ గుట్టు పోలీసులకి చేరేస్తా ఉన్నాడని షెరిట్ అనే పాత స్నేహితుణ్ణి చంపడం. ఐదు, రైలు పడగొట్టే ప్లాను, హోటల్ ముట్టడి. ఆరు, నెడ్ ఒక్కడే పోరాడి కాళ్ళకి గుళ్ళు తగిలి పడిపోవడం.

నేను చేసిన ఘనకార్యం ఇక్కడ చెప్పాల. యంగ్‌హస్బెండ్ స్టేషన్ అని చదివి రైల్వే స్టేషన్ అనుకున్నా. మనకి స్టేషన్ అంటే ఇంకేముంది, రేణిగుంట స్టేషనో, పోలీసు స్టేషనో. కాబట్టి నా స్క్రిప్టులో దొంగలు ప్లాట్‌ఫాం మీదికి దూకి, స్టేషన్ మాస్టర్ని కట్టేసి, ఆ కుర్రోడు గంట కొట్టబోతే చెయ్యి పట్టుకుని, అబ్బో, రెండు పేజీలు రాసి పారేసినా. చివరికి ఇంకో పేపరు చదవతా ఉంటే అర్థమైంది, ఆస్ట్రేలియాలో స్టేషన్ అంటే గొర్రెలు మేపే పెద్ద ఎస్టేటు, యురోవా అనే ఊరి పక్కన. ఆ రెండు పేజీలూ చించేసినా. మా ఆవిడ ఇప్పటికీ రేణిగుంటకి పోవాలంటే "గొర్రెలు కూడా ఉంటాయా అక్కడ" అంటాది. తెలిసిన మాట మాదిరి కనపడే మాటల్నే రెండుసార్లు చూసుకోండి, తెలియని మాటకైతే ఎటూ డిక్షనరీ చూస్తాం.

మూడు పెన్నుల సంగతి. మిగిలిన ఫిల్మ్ ముక్కల్లో మీ కళ్ళతో చూసింది నీలం ఇంకుతో రాయండి. ప్రోగ్రాం పుస్తకం, పేపర్లు, ఫోటోల్లో ఉన్నది నల్ల ఇంకు. మీరు అనుకున్నది, ఊహించింది, ఇట్లా ఉంటే బాగుంటుంది అనిపించింది ఎర్ర ఇంకు. నెల తర్వాత నా నోట్‌బుక్కు చూస్తే సగం పేజీలు ఎర్రగా కాలిపోయినట్టు ఉన్నాయి, సిగ్గేసింది. ఆట రోజు ఎర్ర ఇంకు ఒక్క ముక్క కూడా నోటితో చెప్పకూడదు, నేను పెట్టుకున్న రూలు ఇదొక్కటే, దీన్ని మాత్రం మీరు వదలద్దని నా మనవి, మిగతావి మీ ఇష్టం.

దీంట్లోనే ఇంకో మెలిక ఉంది. చరిత్రలో జరిగింది వేరే, సినిమాలో చూపించింది వేరే. నిజంగా హోటల్లో డాన్, స్టీవ్ ఎట్లా చచ్చిపోయినారో తేల్చి చెప్పలేరు, హోటలు తగలబడిపోయింది, లోపల శవాలు దొరికినాయి. సినిమా ప్రోగ్రాంలో మాత్రం ఒకరి చేత ఒకరు చచ్చినట్టు రాసినారు. ఆఖర్లో నెడ్ ప్రాణం వదిలేయమని పోలీసుల్ని బతిమాలతాడు అని కూడా రాసినారు. చరిత్ర పుస్తకాలు చదివిన ఉత్సాహంలో ఇవన్నీ దిద్దబోయినా నేను, మా నాయనే ఆపినాడు. "రేయ్ అబ్బోడా, నువ్వు ఆడిచ్చేది పెట్టెలో వచ్చిన బొమ్మ, పెట్టెలో రాంది ఆడిస్తే ఓనరు తంతాడు" అన్నాడు. అంతే. సినిమా అబద్ధం చెప్తే ఆ అబద్ధాన్నే అప్పజెప్పాల, నిజం కావాలంటే టీ టైంలో మాట్లాడుకోండి.

ఇప్పుడు అడుగుల లెక్క, నాకు బాగా నచ్చిన పని ఇదే. 35 ఎంఎం ఫిల్మ్‌లో అడుగుకి 16 బొమ్మలు. మూకీల కాలంలో సుమారు సెకనుకి 16 బొమ్మల లెక్కన తిప్పినారు అనుకుంటే సెకనుకి ఒక అడుగు, దీనికి కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు. వెయ్యి అడుగుల రీలు అంటే 1,000 సెకన్లు, 16 నిమిషాల 40 సెకన్లు. కెల్లీ సినిమా సుమారు 4,000 అడుగులు అని లెక్క, అంటే 66 నిమిషాల 40 సెకన్లు. అదే సినిమాని మా నాయన కాలం మిషను మీద సెకనుకి 24 బొమ్మల లెక్కన తోలితే 44 నిమిషాల్లో అయిపోతుంది, మనుషులు చీమల మాదిరి పరిగెత్తతారు, పాత సినిమాల్లో అందరూ తబ్బిబ్బుగా నడుస్తా ఉంటారు చూడండి, ఆ తప్పు మనుషులది కాదు, మిషనుది. అప్పట్లో చేత్తో తిప్పేవాళ్ళు కాబట్టి రాత్రి ఆలస్యమైతే ఆపరేటరు కొంచెం వడిగా తిప్పి ఇంటికి పోయేవాడు కూడా, అట్లాంటివి మా నాయనకి చెప్పద్దు, ఆయనకి నచ్చవు.

ఈ లెక్కతో ఒక కాగితం పట్టీ చేసుకోండి, నిమిషానికి ఒక సెంటీమీటరు. 67 సెంటీమీటర్ల పట్టీ, జిరాక్స్ కాగితాలు అతికించి చేసినాం, గోడకి కొట్టినాం. మిగిలిన ముక్కలు ఏ సీన్లోవో చూసి ఆ తావులో నీలం రంగు వేయండి. ఈ ముక్కలు దొరికిన కథే ఒక సినిమా, 1976లో కొన్ని సెకన్ల ముక్కలు, 1978లో 64 మీటర్లు, అంటే 210 అడుగులు, మూడున్నర నిమిషాలు, 1980లో చెత్తకుప్పలో కొంచెం, 2006లో ఇంగ్లండులో ఒక్కసారే 11 నిమిషాల ముక్క. అవన్నీ కలిపి ఆస్ట్రేలియా ఫిల్మ్ ఆర్కైవ్ వాళ్ళు బాగుచేసినారు, 2007లో యునెస్కో వాళ్ళ జాబితాలో కూడా ఎక్కింది. పట్టీ మీద నీలం 17 సెంటీమీటర్లు, మిగతా 50 సెంటీమీటర్లు తెల్లగా. గోడ మీద అది చూస్తే తప్ప ఎంత పోయిందో బుర్రకి ఎక్కదు, నంబర్లు చెప్తే ఎవరికీ ఏమీ అనిపించదు.

ముక్కలు చూసేటప్పుడు ఒక్కో ముక్క పది సార్లు చూడండి, శబ్దం లేకుండా. చివరి పోరాటం ముక్కలో ఫిల్మ్ కుళ్ళిపోయి బొమ్మ అంతా బుడగలు, మరకలు, ఆ మరకల మధ్యలో ఇనుప కవచం తొడుక్కున్న మనిషి కాలుస్తా మన తట్టు నడిచి వస్తాడు, ఒక సెకను కనపడతాడు, ఒక సెకను మరకలో మునిగిపోతాడు. మొదటిసారి నేను మరకలు చూసినా, ఐదోసారికి నడక చూసినా, బరువు మోసేవాడి నడక అది, మోకాలు వంగదు. కథ చెప్పేటప్పుడు ఇట్లాంటివే పనికొస్తాయి. ఆ ముక్కల్ని ఇంట్లో చుట్టాలకి చూపించుకునేది వేరు, టికెట్ పెట్టి నలుగురిని పిలిచేది వేరు, రెండోదైతే ఆర్కైవ్ వాళ్ళకి మెయిల్ పెట్టి అడగండి.

కథ ఎవరు చెప్పాలి, ఎట్లా చెప్పాలి అనేది మన జిల్లావాళ్ళకి నేర్పించే పనే లేదు. మన ఊళ్ళలో ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం జరిగితే పగలు హరికథ, రాత్రి నాటకం, పద్దెనిమిది రోజులు, భీముడు గెలుస్తాడని అందరికీ తెలుసు, అయినా దుర్యోధన వధ నాడు చూడండి జనం. కెల్లీ సినిమాకి కూడా కథ తెలిసినోళ్ళే వచ్చినారు, తెర పక్కన ఒక మనిషి నిలబడి కథ చెప్పేవాడు. కాబట్టి సినిమా పాఠం మాదిరి చదవద్దు, హరికథ దాసు గారు చెప్పినట్టు చెప్పండి, కానీ పిట్టకథలు వద్దు, పిట్టకథ అంటే ఎర్ర ఇంకే. కథ చెప్పే మనిషి తెర పక్కన నిలబడాల, తెరకి అడ్డం రాకూడదు, చేతిలో చిన్న టార్చి, కాగితం మీదికి మాత్రమే. మా ఇంట్లో చెప్పింది మా అత్త, ఆమె గొంతు మైకు లేకుండా అలిపిరి దాకా పోతుంది.

శబ్దాలు. అప్పట్లో ఆ సినిమాకి తెర వెనకాల ఉత్తుత్తి తూటాలు పేల్చినారు, గుర్రం డెక్కల చప్పుడుకి టెంకాయ చిప్పలు కొట్టినారు. ఇది చదివినప్పుడు నేను నవ్వినా, తిరుపతిలో టెంకాయ చిప్పలకి కరువా. కానీ చిప్పకి చిప్పకి తేడా ఉంది. నిన్న కొట్టిన కాయ చిప్ప లోపల కొబ్బరి తడి ఉంటుంది, దబ్ దబ్ అని చెప్పు శబ్దం వస్తుంది. లోపల కొబ్బరి మొత్తం గీకేసి, పీచు రుద్ది, నాలుగు రోజులు ఎండలో పెట్టినదైతే టక్ అని పలుకుతుంది. ఒకదానితో ఒకటి కొడితే గుర్రం కాదు, భజన. నేల మీద కొట్టాల. బండ మీద కొడితే రోడ్డు మీద పోయే గుర్రం, బండ మీద గోతాం మడిచి వేసి కొడితే మట్టి దోవ, పళ్ళెంలో ఇసక పోసి కొడితే దూరంగా పోయే గుర్రం. దౌడుకి తక తక తక్ అని మూడు దెబ్బలు, ఒక గ్యాపు, నడకకి నాలుగూ సమానంగా. మా నాయన ఈ పని తీసుకున్నాడు, మూడు రోజులు బండ మీద ప్రాక్టీసు చేసినాడు, కింద ఇంటోళ్ళు పైకి వచ్చి ఏం కొడతా ఉన్నారు రాత్రిపూట అని అడిగినారు.

తుపాకీకి దీపావళి చుట్ట తుపాకీ చాలు, సంక్రాంతికి రీళ్ళు దొరకవు, అక్టోబర్లోనే కొని బియ్యం డబ్బా పక్కన కాకుండా ఎక్కడైనా పొడి తావులో పెట్టుకోండి. మాకు మూడు రీళ్ళు తడిసి తుస్సుమన్నాయి, అప్పుడు చెక్క స్కేలు బెంచీ మీద చెళ్ళుమనిపించినాం, ఇదే బాగుండింది. రైలుకి చేటలో పిడికెడు పెసలు వేసి ఊపాల. కవచం మీద గుండు తగిలితే పాత ఇనుప బాండలి మీద గరిటె. హోటల్ తగలబడేదానికి ఖాళీ చిప్స్ ప్యాకెట్లు నలపండి, మైకు ఉంటే దాని దగ్గర, దీనికి పిలకాయల్ని పెట్టండి, ప్యాకెట్లు ముందే వాళ్ళే ఖాళీ చేసి పెడతారు.

ఆట నాడు చీకటి పూర్తిగా పడాల, జనవరిలో ఆరున్నరకి పడిపోతుంది, మే నెలలో పెట్టుకుంటే ఏడు దాటేదాకా దుప్పటి మీద ఏమీ కనపడదు, పైగా మిద్దె బండ కాళ్ళు కాలుస్తుంది. దుప్పటి నాలుగు మూలలే కాకుండా కింది అంచుకి కర్ర కట్టండి, లేదంటే గాలికి నెడ్ కెల్లీ బొజ్జ ఊగతాది. పక్కింటి వీధి లైటు తగలకుండా తెర తిప్పుకోండి.

ఇంగ అసలు పద్ధతి. నీలం వచ్చినప్పుడు ఫిల్మ్ ముక్క వేయండి, కథ చెప్పే మనిషి నోరు మూసుకోవాల, శబ్దాలు మాత్రం. నలుపు వచ్చినప్పుడు ఫోటో ఉంటే ఫోటో, లేకపోతే ఉత్తి తెర, కథ చెప్పాల. పట్టీ మీద నీలం లేదు, నోట్‌బుక్కులో నలుపు లేదు, అట్లాంటి చోట ప్రొజెక్టరు లైటు కూడా ఆపేయండి. అత్త ఒకటే మాట చెప్పేది, "ఈడ బొమ్మ లేదు" అని, తర్వాత అర నిమిషం చీకటి, శబ్దం కూడా లేదు. పట్టీ మీద ఖాళీ ఎంత ఉంటే అంత సేపు చీకట్లో కూర్చోబెట్టలేం కదా, జనం లేచిపోతారు, అర నిమిషం సరిపోతుంది. ఇది చేద్దామంటే మా ఇంట్లో అందరూ వద్దన్నారు, పిచ్చా నీకు, బోరు కొడతాది, ఏదో ఒక బొమ్మ గీయించి వెయ్యి అన్నారు. మొదటిసారి చీకటి పడినప్పుడు పిలకాయలు కికికి అన్నారు, ఎవరో కరెంటు పోయిందా అన్నారు. రెండోసారి ఎవరూ మాట్లాడలేదు. మూడోసారి, షెరిట్‌ని చంపినాక, ఎదురింటి పాప చీకట్లో "యాడికి పోయింది అది?" అని అడిగింది, ఎవరూ జవాబు చెప్పలేదు, దూరంగా కపిలతీర్థం రోడ్డు మీద బస్సు హారన్ ఒకటి.

ఎందుకు పోయింది అంటే, అప్పటి ఫిల్మ్ నైట్రేటు. అది గబుక్కున అంటుకుంటుంది, మండేదానికి కావలసిన ఆక్సిజన్ దాంట్లోనే ఉంటుంది కాబట్టి నీళ్ళు పోసినా ఆరదు. మండకపోయినా దానంతట అదే కుళ్ళి జిగురై, ఆఖర్లో గోధుమ రంగు పొడి అవుతుంది. పైగా దాంట్లో వెండి ఉంటుంది, ఆడేసిన సినిమాకి మళ్ళీ విలువ ఏముందని కరిగించి వెండి తీసుకున్నోళ్ళు కూడా చాలామంది. 1950ల మొదట్లో నైట్రేటు తయారీ ఆపేసినారు, మా నాయన ముట్టుకున్నదంతా తర్వాత వచ్చిన సేఫ్టీ ఫిల్మే. పూణేలో 2003 జనవరిలో నైట్రేటు దాచిన గోడౌను తగలబడితే మన పాత సినిమాలు ఎన్నో బూడిదైపోయినాయి.

అందుకే ఇది చదివి మీ పాత ఇంట్లో అటక మీద ఏదన్నా రేకు డబ్బా కనపడితే ఎగబడద్దు. పొయ్యి దగ్గర, సిగరెట్టు దగ్గర తెరవద్దు, ప్రొజెక్టరులో అసలు ఎక్కించద్దు. తెరవంగానే పుల్లగా వెనిగర్ వాసన కొడితే అది అసిటేటు, సేఫ్టీ ఫిల్మ్, అంత భయం లేదు, కానీ అదీ పాడైపోతా ఉన్నట్టే. జిగురుగా అతుక్కుపోయి, పొడి రాలతా ఉంటే మూత పెట్టేసి, మనుషులు పడుకోని గదిలో, నీడలో పెట్టి పూణే నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ వాళ్ళకి చెప్పండి. మన ఊరి మే నెల ఎండలో మిద్దె గది అంటే దానికి పొయ్యే.

తెలుగు, తమిళ మూకీల మీద పనిచేయాలనుకునేవాళ్ళు ఫిల్మ్ కోసం కాకుండా ముందు కాగితాల కోసం వెతకండి. 1914 నుంచి మద్రాసులో రోజూ వచ్చిన ఆంధ్రపత్రిక పాత సంచికలు స్కాన్ చేసినవి నెట్‌లో ఉన్నాయి, వాటిల్లో కథలు, వ్యాసాలు కాదు, ప్రకటనలు చూడండి. మద్రాసు లాయరు రంగాచారియార్ గారి కమిటీ 1927, 28లో దేశమంతా తిరిగి హాలు ఓనర్లని, టీచర్లని, పోలీసుల్ని కూర్చోబెట్టి సినిమాల గురించి అడిగింది, ఆ ప్రశ్నలు, జవాబులు అన్నీ సంపుటాలుగా అచ్చయినాయి, నాకైతే నవలల కన్నా బాగున్నాయి. ఇంగ ముసలోళ్ళని అడగండి, కానీ ఏ సినిమా చూసినావు అవ్వా అని అడగద్దు, పేర్లు కలిపేస్తారు, ఏ హాలు, ఎంత టికెట్టు, నేలా బెంచీనా, ఎవరితో పోయినావు అని అడగండి, హాలు పట్టుకుంటే సినిమా దానంతట అదే వస్తుంది. లీలామహల్ సర్కిల్ అని రోజుకి పదిసార్లు అంటాం కదా, ఊరికి గుర్తుండేది హాలే.

మా నాయన తర్వాతి ఆటకి జాన్ గావిన్ 1910లో తీసిన థండర్‌బోల్ట్ కావాలంటా ఉన్నాడు, దాంట్లో కూడా గుర్రం దొంగే హీరో, గుర్రాలు ఎక్కువ ఉంటాయని ఆయన లెక్క. కాగితాలు ఎన్ని దొరుకుతాయో ఇంకా చూడలేదు. ఆయన మాత్రం ఇప్పటికే నాలుగు చిప్పలు గీకి మిద్దె గోడ మీద ఎండబెట్టినాడు, కాకులు ఎత్తకపోకుండా పైన గోతాం కప్పి.